మైనర్ పిల్లల వాటా ఉన్న పొలం అమ్మాలంటే: ఉద్దానం నుంచి ఒక కేసు

శ్రీకాకుళం జిల్లా కోర్టులో నేను నడిపిన ఒక అనుమతి పిటిషన్ గురించి రాస్తున్నాను. భర్త పోయిన ఇల్లాలు, ఇద్దరు మైనర్ పిల్లలు, తీరని అప్పులు, అమ్మితే తప్ప గడవని పొలం. ఉద్దానం పల్లెల్లో ఈ పరిస్థితిలో ఉన్న ఇళ్లు ఎన్నో. తొందరలో దస్తావేజు రాయించేసుకుని, పదేళ్ల తర్వాత అన్నదమ్ములో కొనుగోలుదారులో కోర్టుకెక్కినవీ ఎన్నో. అందుకే ఈ కేసులో ఎక్కడ ఏం ఆలోచించి ఏ నిర్ణయం తీసుకున్నామో వివరంగా చెబుతున్నాను. పేర్లు, ఊరు, సర్వే నంబర్లు వదిలేశాను. విస్తీర్ణాలు, డబ్బు అంకెలు కొంత మార్చాను గానీ లెక్క మాత్రం అలాగే ఉంది.

నేపథ్యం

భర్త రైతు. అన్నదమ్ములు పంపకాలు చేసుకున్నాక తన వాటాకు 70 సెంట్ల కొబ్బరి తోట, చిన్న ఇల్లు వచ్చాయి. ఆ తర్వాత వలస వెళ్లి కూడబెట్టిన డబ్బుతో 2009లో రోడ్డు పక్కన 1 ఎకరా 60 సెంట్ల మెట్ట భూమి రిజిస్టర్డ్ దస్తావేజుతో కొని జీడి వేశాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు సగానికి పైగా పడిపోయాయి. కొత్త మొక్కలు కాపుకొచ్చేలోగా ఆయనకు కిడ్నీ జబ్బు బయటపడింది. డయాలసిస్‌కు ఆసుపత్రిలో డబ్బు కట్టనక్కర్లేకపోయినా వారానికి రెండు మూడుసార్లు తోడు మనిషితో వెళ్లిరావాలి. మందులు బయట కొనాలి. ఇద్దరి కూలీ పోతుంది. ఉద్దానంలో అప్పు ఇలాగే పెరుగుతుంది. ఆయన పోయేనాటికి పొలం మీద బ్యాంకు పంట రుణం, ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన ప్రోనోట్లు మిగిలాయి.

కూతురు అప్పటికి ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ, నర్సింగ్ చదవాలని ఆశ. కొడుకుకు 11 ఏళ్లు.

ఆమె తెచ్చిన సంచిలో ఏముంది

నా దగ్గరికి వచ్చేసరికే ఆమె చాలా దూరం నడిచేసింది. సంచిలో మూడు కాగితాలున్నాయి. మొదటిది అమ్మకం అగ్రిమెంటు. మొత్తం 1.60 ఎకరాలూ అమ్ముతానని ఆమె ఒక్కతే సంతకం పెట్టి 2 లక్షలు అడ్వాన్సు తీసుకుంది. రెండోది తహసీల్దారు కార్యాలయం ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. అందులో ఆమె, ఇద్దరు పిల్లలు. మూడోది వేరేచోట తయారుచేయించి వేసిన పిటిషన్. ‘నన్ను నా పిల్లలకు గార్డియన్‌గా నియమించండి’ అని అడిగింది. కోర్టు ఆఫీసు అభ్యంతరాలు రాసి తిప్పిపంపింది. మళ్లీ ఎవరూ వేయలేదు.

“బాబూ, పొలం నా పెనిమిటి కొన్నదే. పిల్లలు నా కడుపున పుట్టినోళ్లే. అమ్ముకోడానికి నాకు అడ్డేటి?” అని అడిగింది. న్యాయంగా అడిగిన ప్రశ్న. దానికి సూటిగా జవాబు చెప్పకుండా ‘సెక్షన్ ప్రకారం’ అంటూ మొదలుపెడితే క్లయింటు మనల్ని వదిలి దస్తావేజు లేఖరి దగ్గరికే వెళ్తుంది. తప్పు ఆమెది కాదు.

హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956లో 6వ సెక్షన్ ప్రకారం తండ్రి లేకపోతే తల్లే సహజ సంరక్షకురాలు. ఎవరూ నియమించనక్కర్లేదు. తిప్పిపంపిన పిటిషన్‌లో లోపం అక్కడే ఉంది. ఆమెకు ఉన్న హోదానే అడిగింది, లేని అధికారాన్ని అడగలేదు. 8వ సెక్షన్ ప్రకారం సహజ సంరక్షకులు కూడా ముందుగా కోర్టు అనుమతి లేకుండా మైనర్ స్థిరాస్తిని అమ్మకూడదు, తనఖా పెట్టకూడదు, దానం చేయకూడదు, మార్చుకోకూడదు. అయిదేళ్లు దాటిన కౌలుకూ అనుమతి కావాలి. కోర్టు కూడా రెండు సందర్భాల్లోనే అనుమతి ఇవ్వాలి: తప్పనిసరి అవసరం, లేదా మైనర్‌కు స్పష్టంగా కనిపించే లాభం. అందుకని ఆమెతో ఇలా చెప్పాను: “అమ్మా, నీకు అడ్డు లేదు. నీ వాటా నీ ఇష్టం. పిల్లల వాటాకి మాత్రం వాళ్ల తరఫున జడ్జిగారు ఒకసారి చూసి సరే అనాలి.” అది ఆమెకు వెంటనే అర్థమైంది.

అనుమతి లేకుండా రిజిస్టర్ చేస్తే?

దస్తావేజు లేఖరి ఆమెకు సులువైన దారి చెప్పాడు. తల్లి తనకోసం, పిల్లల గార్డియన్‌గా కూడా సంతకం పెడుతుంది. రేపు పిల్లలు గొడవ చేస్తే నష్టం భరిస్తానని హామీ వాక్యం రాస్తుంది. కొబ్బరి తోటను పూచీగా చూపిస్తుంది. ఈ పద్ధతిలో దస్తావేజులు జరిగిపోతూనే ఉన్నాయి.

నేను వద్దనడానికి ముందు కొనుగోలుదారును పిలిపించి మాట్లాడాను. భయం అతనికే ఎక్కువ ఉండాలి మరి. అనుమతి లేని అమ్మకం పుట్టుకతోనే చెల్లనిదేమీ కాదు. కానీ మైనర్ కాదంటే రద్దయ్యే రకం. మేజరయ్యాక మూడేళ్లలోపు దావా వేసి రద్దు చేయించుకోవచ్చని, దావాలకు గడువులు పెట్టే లిమిటేషన్ చట్టం 60వ ఆర్టికల్ చెబుతుంది. దావా కూడా అక్కర్లేదు, ఆ ఆస్తిని తానే ఇంకొకరికి అమ్మడం లాంటి పని చేసినా పాత అమ్మకాన్ని తోసిపుచ్చినట్టేనని 2025లో కె.ఎస్. శివప్ప కేసులో సుప్రీంకోర్టు అన్నది. పిల్లవాడికి 11 ఏళ్లు. అంటే అతనికి 21 వచ్చేదాకా, పదేళ్లపాటు, కొన్న మనిషి ఆ భూమిలో నిశ్చింతగా గోడ కట్టలేడు. బ్యాంకు రుణం అడిగితే, కాగితాలు చూసే బ్యాంకు ప్యానెల్ లాయరు ఒప్పుకోడు. ఇది విన్నాక అతను ఆగుతానన్నాడు.

ఇంకో సలహా కూడా వచ్చింది: పిల్లల తరఫున తల్లే తన పేరిట హక్కు విడుదల పత్రం రాసుకుని, ఆ తర్వాత తనదిగా అమ్మడం. దీన్ని అసలు చర్చకే రానివ్వలేదు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే మనిషి అయినప్పుడు పిల్లల వైపు ఎవరున్నట్టు?

వాటాలు తేల్చడం, నానమ్మ సంగతి

పిటిషన్ రాయడానికి ముందు రెండు ఆస్తులనూ వేరు చేశాను. 1.60 ఎకరాలు ఆయన స్వార్జితం. దస్తావేజు ఉంది, పంపకాల తర్వాత కొన్నది. కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులు, అంటే అందరికంటే ముందు హక్కు వచ్చే దగ్గరివాళ్లు, తలా ఒక వాటా తీసుకుంటారు, ఎవరి వాటా వారిది. 70 సెంట్ల తోట పితరార్జితం. అవిభక్త ఉమ్మడి ఆస్తిలో మైనర్ హక్కు సంగతి వేరు. సహజ సంరక్షకురాలి అధికారం అక్కడికి పోదని 6వ సెక్షనే మినహాయిస్తుంది. 12వ సెక్షన్ గార్డియన్ నియామకానికే అడ్డు చెబుతుంది. ఉమ్మడి కుటుంబ యజమాని చేసే అమ్మకానికి 8వ సెక్షన్ వర్తించదని 1996లో నారాయణ్ బాల్ కేసులో సుప్రీంకోర్టు అన్నది గానీ, ఇక్కడ అలా ఉమ్మడి కుటుంబ యజమానిగా ఉండగల వయోజనుడు ఎవరూ లేరు. రెండూ కలిపి ఒకే పిటిషన్‌లో పెడితే చిక్కుల్లేని ఆస్తికి కూడా చిక్కులు అంటుకుంటాయి. తోటనూ ఇంటినీ ముట్టుకోకూడదని నిర్ణయించాం. పిల్లలకు నీడ మిగులుతుందన్న మాట కోర్టుకు చెప్పడానికీ అదే ఆధారమైంది.

మొదటి తరగతి వారసులెవరని అడుగుతుంటే ఆమె మాటల్లో అత్తగారి ప్రస్తావన వచ్చింది. ముసలావిడ చిన్నకొడుకు దగ్గర పక్కఊళ్లో ఉంటోంది. కుటుంబ ధ్రువీకరణ పత్రం ఆ ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లతో వచ్చింది, ఆవిడ పేరు లేదు. కానీ కొడుకు చనిపోతే తల్లి కూడా భార్యాపిల్లలతో సమానంగా వారసురాలే. వాటాలు మూడు కావు, నాలుగు. తలా 40 సెంట్లు. నా అనుభవంలో మన జిల్లా ఫైళ్లలో ఎక్కువగా జారిపోయే మనిషి ఈ నానమ్మే. చనిపోయినవారి తల్లి బతికుందా అని మొదటిరోజే అడగాలి.

అత్తగారిని కలుపుకోవాలనగానే మా క్లయింటు ముఖం మాడింది. మరిది అభ్యంతరం చెబుతాడని ఆమె భయం. చట్టం దృష్టిలో తప్పదు సరే, నేను మరిదిని కూడా ప్రతివాదిగా పెడదామన్నాను. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890లో 31వ సెక్షన్ కింద కోర్టు బంధువులకు నోటీసు ఇవ్వవచ్చు. తర్వాత తెలిసి వచ్చి అడ్డుపడే బాబాయి కంటే, మొదటే వచ్చి తన మాట చెప్పే బాబాయి మేలు.

ఎంత అమ్మాలి?

అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించింది ఈ ప్రశ్న మీదే. 1.60 మొత్తం అమ్మేసి అప్పులు తీర్చి మిగిలింది పిల్లలకు దాస్తానని ఆమె ప్రతిపాదన. కోర్టు ఆ వాక్యాన్ని పిల్లల వైపు నుంచి చదువుతుంది: పిల్లల భూమి పోతుంది, ఎవరి అప్పో తీరుతుంది, మిగులు ఎంతో తెలియదు.

కాబట్టి అప్పులను విడదీశాం. పంట రుణం వడ్డీతో 3,20,000. అది పొలం మీదే ఉంది కాబట్టి నాలుగు వాటాలూ సమానంగా మోయాలి. ప్రోనోట్లు నాలుగు. వాటిలో ఒకటి రాసి మూడేళ్లు దాటిపోయింది, మధ్యలో చెల్లు వేసిన ఆధారం లేదు. దావా గడువు దాటి కాలదోషం పట్టిన నోటును పిల్లల ‘అవసరం’ కింద కోర్టు ముందు పెట్టకూడదనుకున్నాను. పరువు కోసం ఇస్తానంటే ఆమె తన డబ్బులోంచి ఇచ్చుకోవచ్చు. మిగతా మూడూ వడ్డీ తగ్గించి మాట్లాడితే 5,40,000కు తేలాయి. చనిపోయినవాడి అప్పు వారసత్వ ఆస్తి మేరకు వారసులందరికీ తగులుతుంది కాబట్టి, పిల్లల వాటామీదా వేయవచ్చునని వాదించే వీలుంది. అయినా వాటిని పెద్దవాళ్లిద్దరి వాటాల మీదే వేద్దామన్నాను. చేబదులు నోట్లు పిల్లల డబ్బుతో తీరుస్తున్నామంటే ప్రతి నోటునూ నిరూపించాలి. ఆ వివాదంలో అసలు పిటిషన్ మునిగిపోతుంది. అత్తగారు ఏమంటుందోనని కబురు పెట్టాం. ఆవిడ వచ్చి, “నా కొడుకు జబ్బుకి సేసిన అప్పు బాబూ అది. నా పాలు కోసుకోండి” అంది. కోడలు అక్కడే ఏడ్చేసింది.

లెక్క వేస్తే ఒక ఎకరం చాలు. 60 సెంట్లు ఉంచుకోవచ్చు. కొనుగోలుదారు రోడ్డు వైపు ముఖమంతా తనకే కావాలన్నాడు. అలా ఇస్తే మిగిలిన 60 సెంట్లకు దారి ఉండదు, పిల్లలకు మిగిలేది పేరుకే భూమి. సర్వేయరు చేత పొడవునా గీత గీయించి స్కెచ్ తయారుచేయించాం. రెండు ముక్కలకూ రోడ్డు తగిలేలా.

కౌలుకు ఇవ్వడం కూడా ఆలోచించాం. తుపాను తర్వాత మిగిలిన చెట్ల కాపుకు వచ్చే కౌలు అప్పుల వడ్డీకి కూడా సరిపోదు. ఆ లెక్కను పిటిషన్‌లోనే ఒక పేరాగా రాశాను. అమ్మకం తప్ప దారి లేదన్నప్పుడు మిగతా దారులేమిటో మనమే చూపించాలి. అమ్మాయికి 18 వచ్చేదాకా ఆగితే ఆమె సంతకం దొరుకుతుంది, నిజమే. కానీ తమ్ముడి వాటాకు అనుమతి అప్పుడూ కావాలి, ఈలోగా వడ్డీ ఆగదు, నర్సింగ్ సీటూ ఆగదు.

ధర దగ్గర పట్టు

పాత అగ్రిమెంటులో సెంటు ధర 12,000 అని రాసి ఉంది. అసలు మాట 24,000. మిగతా సగం చేతికి. ప్రభుత్వ విలువ వరకే దస్తావేజులో చూపడం మన దగ్గర మామూలైపోయింది. మైనర్ వాటా ఉన్నచోట ఇది పిల్లల సొమ్ము పోగొట్టే పద్ధతి. కోర్టు కాగితం మీది ధరకే అనుమతి ఇస్తుంది, ఆ లెక్కనే పిల్లల పేర డిపాజిట్ చేయిస్తుంది. చేతికొచ్చిన సగంలో పిల్లల భాగం ఎక్కడికి పోయిందో ఎవరూ అడగరు. స్థిరాస్తి అమ్మకానికి అంత నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికీ విరుద్ధం. ఈ ఒక్క విషయంలో రాజీ లేదని, అలా అయితే వకాల్తా తీసుకోనని ఇద్దరికీ చెప్పేశాను.

కొనుగోలుదారు గట్టిగానే బేరమాడాడు. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం. ఎకరం మీద అదనంగా చూపే 12 లక్షలకు 90 వేలు ఎక్కువ కట్టాలి. అతనికి నేను చెప్పింది ఒకటే: కోర్టు ఉత్తర్వుతో వచ్చే దస్తావేజు మీద రేపు ఏ బ్యాంకయినా రుణం ఇస్తుంది, పిల్లవాడు పెద్దయ్యాక వచ్చి అడిగే మాట ఉండదు. ఆ 90 వేలు దానికి కట్టే ధర. చివరికి ఒప్పుకున్నాడు. పాత అగ్రిమెంటు రద్దు చేసి, ‘కోర్టు అనుమతి వస్తేనే, కోర్టు పెట్టిన షరతులకు లోబడి’ అని కొత్తది రాశాం. 2 లక్షల అడ్వాన్సు పెద్దవాళ్ల వాటాలో జమ.

కోర్టులో

ఆస్తి ఉన్న ప్రాంతం మీద అధికారం ఉన్న జిల్లా కోర్టులోనే వేయాలి. తల్లి, నానమ్మ పిటిషనర్లు, బాబాయి ప్రతివాది. దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), అడంగల్, 1బి (భూమి ఎవరి పేర ఉందో చూపే రెవెన్యూ రికార్డులు), సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన మార్కెట్ విలువ పత్రం, బ్యాంకు బకాయి లేఖ, నోట్ల నకళ్లు, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, స్కెచ్, కొత్త అగ్రిమెంటు దాఖలు చేశాం.

బాబాయి కౌంటరు, అంటే పిటిషన్‌కు జవాబు, వేశాడు. వదిన డబ్బు తీసుకుని కన్నవారింటికి వెళ్లిపోతుంది, అన్న పిల్లలు అన్యాయమైపోతారని అందులో రాశాడు. మా క్లయింటుకు ఆగ్రహం వచ్చింది. నాకు మాత్రం ఆ కౌంటరులో పిల్లల మీద ప్రేమ కనిపించింది. అతని భయానికి జవాబు అతనితో తగవులో లేదు, డబ్బు ఎక్కడ ఉంటుందో చెప్పడంలో ఉంది. పిల్లల వాటా సొమ్ము తల్లి ఖాతాలోకి రాకుండా నేరుగా జాతీయ బ్యాంకులో వాళ్ల పేర ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయాలని, అసలు తీయాలంటే కోర్టు ఉత్తర్వు కావాలని షరతు పెట్టమని మేమే మెమో వేశాం. తర్వాతి వాయిదాకు అతను వచ్చి, అలా అయితే తనకు అభ్యంతరం లేదన్నాడు.

సాక్ష్యం రోజున జడ్జిగారు ఆమెను అడిగిన ప్రశ్న ఒక్కటే కీలకం: “ఎకరం అమ్మితే పాపకెంత, బాబుకెంత?” ఆ లెక్కను ఆమె కూతురి చేత నోటు పుస్తకం చివరి పేజీలో రాయించుకుని, ఎన్నోసార్లు చదివించుకుంది. బోనులో కాగితం లేదు. వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ చెప్పింది. “ఎకరానికి ఇరవై నాలుగు లచ్చలు బాబూ. నలుగురికీ తలా ఆరు. బేంకి అప్పుకి తలా ఎనబై వేలు పోద్ది. పాపకి అయిదు లచ్చల ఇరవై వేలు, బాబుకీ అంతే.” తర్వాత అమ్మాయిని ఛాంబరుకు పిలిచి మాట్లాడారు.

ఉత్తర్వులో అవసరం ఏమిటో, లాభం ఏమిటో, ఆస్తి హద్దులేమిటో స్పష్టంగా రాశారు. 31వ సెక్షన్ అలాగే కోరుతుంది. సెంటు 24,000కు తగ్గకూడదు. పిల్లల 10,40,000 రెండు డిపాజిట్లుగా వేసి రసీదులు, రిజిస్టరైన దస్తావేజు నకలు కోర్టుకు దాఖలు చేయాలి. వడ్డీ చదువుకు వాడుకోవచ్చు. మిగిలిన 60 సెంట్లలో పిల్లల వాటా జోలికి మళ్లీ అనుమతి లేకుండా వెళ్లకూడదు. పిటిషన్ వేసిన దగ్గర్నుంచి ఇక్కడికి ఏడాదికి దగ్గరగా పట్టింది.

ఈ పని చేసే జూనియర్లకు

అవసరం గురించి రాయడం అందరికీ వస్తుంది. తల్లి కష్టం, భర్త జబ్బు, అప్పులవాళ్ల ఒత్తిడి, పేజీలు నిండిపోతాయి. నేను చూసిన ఫైళ్లలో లేనిది పిల్లల పట్టిక: అమ్మకానికి ముందు ఈ పిల్లకు ఏముంది, తర్వాత ఏముంటుంది, ఎక్కడుంటుంది, ఎవరు ముట్టుకోగలరు. ఈ నాలుగూ అఫిడవిట్‌లో మొదటి రెండు పేజీల్లోకి రావాలి. తల్లిని అనుమానించడం కోసం ఈ చట్టం లేదని ఆమెకు నమ్మకంగా చెప్పగలిగితే, ఆ పట్టిక నింపడంలో మనకంటే ఆమే ముందుంటుంది.

తర్వాత

అమ్మాయికి బీఎస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది. మొదటి ఏడాది ఫీజుకు వడ్డీ చాలలేదు. కాలేజీ ఫీజు పత్రం జతచేసి ఆమె డిపాజిట్‌లోంచి కొంత తీయడానికి అనుమతి అడిగాం, వచ్చింది. ఆమెకు 18 నిండాక పుట్టిన తేదీ పత్రంతో తానే దరఖాస్తు వేసుకుని మిగతా సొమ్ము విడుదల చేయించుకుంది. కోర్టు డిపాజిట్ మెచ్యూరిటీ తేదీ, మైనర్ 18 నిండే తేదీ కలిసిరాకపోతే బ్యాంకు దగ్గర తిరగాల్సి వస్తుంది. తమ్ముడి డిపాజిట్‌కు తనంతట తానే రెన్యువల్ అయ్యే ఏర్పాటు చేయించాం.

60 సెంట్ల మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డుల్లో పేర్లు మార్పించడం, ఒకటి మిగిలింది. సచివాలయంలో తల్లి పేరు ఒక్కటే ఎక్కించబోయారు. పట్టుబట్టి నలుగురి పేర్లూ, మైనర్ కొడుకు పేరు పక్కన సంరక్షకురాలిగా తల్లి పేరూ రాయించాం. 1బిలో ఇప్పుడు అలాగే ఉంది.